నింద తొలగిన దినము



ఈ సంగతి వ్రాయాలా వద్దా అని మేమిద్దరం చాలా కాలం ఆలోచించాము. ఇది ఆడపిల్లకు సంబంధించిన విషయం. మన ఇళ్ళలో గట్టిగా మాట్లాడుకొనే విషయం కాదు. అయితే ఈ మధ్య మా ప్రాంతంలోనే ఒక విశ్వాసుల కుటుంబంలో, పదిహేనేళ్ళ పిల్లను నాలుగు నెలలుగా మందిరానికి కూడా తీసుకురావడం లేదని విన్నాము. పిల్లకు పొట్ట పెరుగుతోందట. నలుగురూ ఏమనుకుంటారో అని తల్లిదండ్రులు తలుపు మూసి పెట్టారు. ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ మూసిన తలుపు వెనుక ఎలా ఉంటుందో మాకు తెలుసు. 2019 వేసవిలో మా ఇంటి తలుపు కూడా అలాగే మూసి ఉంది.

వ్రాసే ముందు మా అమ్మాయిని అడిగాము. "వ్రాయండి. కాని నాకు జబ్బు చేసింది, దేవుడు బాగుచేశాడు అని అంతవరకే వ్రాయొద్దు. మీరు నన్ను ఏమడిగారో అది కూడా వ్రాయండి" అంది. అందుకని ఏమీ దాచకుండా వ్రాస్తున్నాము.

గుసగుసలు

అప్పటికి మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఆదివారం మందిరానికి వేసుకునే లంగా హుక్కు పట్టడం లేదని చెప్పింది. ఎదిగే పిల్ల కదా, ఒళ్ళు చేస్తోంది అనుకున్నాము. హుక్కు జరిపి కుట్టాము. మరో నెలకు అదీ పట్టలేదు. విచిత్రమేమిటంటే ముఖం, చేతులు సన్నబడుతున్నాయి. పొట్ట ఒక్కటే పెరుగుతోంది. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందని లేచేది. రాత్రిళ్ళు రెండు మూడుసార్లు దొడ్లోకి వెళ్ళి వచ్చేది. నడుము లాగుతోందనేది. నెలసరి మాత్రం తప్పకుండా వచ్చేది. ఇవన్నీ ఇప్పుడు వరుసగా చెబుతున్నాము గాని, అప్పుడు ఏ ఒక్కటీ మాకు పెద్దగా కనిపించలేదు. అది మిరపకాయ కల్లాల కాలం. తెల్లవారకముందే ఇద్దరం పొలంలో ఉండేవాళ్ళం.

ఆర్.ఎం.పి. డాక్టరు గారు గ్యాసు అన్నారు, మాత్రలిచ్చారు. తరువాత నులిపురుగులు అన్నారు, దానికీ మందు ఇచ్చారు. బంధువుల్లో ఒకరు దిష్టి తగిలింది, తాయెత్తు కట్టించమన్నారు. మేము విశ్వాసులం, అలాంటివి చెయ్యం అని చెప్పాము. ఆ మాట చెప్పినప్పుడు మనసులో కాస్త గర్వపడ్డాము కూడా. తాయెత్తు కట్టకపోవడం ఒక్కటే విశ్వాసం కాదని తరువాత తెలిసింది.

కుళాయి దగ్గర మాటలు మొదలయ్యాయి. మేము వెళ్ళేసరికి ఆగిపోయేవి. మందిరంలో ఎప్పుడూ ముందు వరుసలో కూర్చుని పాటలు పాడే పిల్ల, ఎండాకాలంలో చున్నీ నిండుగా కప్పుకుని వెనుక గోడ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే, పెద్దావిడ ఒకామె నవ్వుతూనే, "ఏమ్మా, అమ్మాయి ఒంట్లో బాగుంటోందా?" అని అడిగింది. ఆ నవ్వు మాకు అర్థమైంది. మా అమ్మాయికీ అర్థమైంది. ఆ తరువాతి ఆదివారం తలనొప్పి అని ఇంట్లోనే ఉండిపోయింది. మేమూ బలవంతం చెయ్యలేదు. నిజం చెప్పాలంటే రానందుకు ఊరట పడ్డాము.

ఆ రాత్రి అడిగిన మాట

బయటివాళ్ళ మాటలు ముందు చెవిలో పడతాయి, తరువాత మనసులో పడతాయి. బడి నుంచి ఆలస్యంగా వచ్చిన రోజులు, పక్కింటి కుర్రవాడితో నవ్విన రోజు, ఒకటొకటే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాము. ఒకరి అనుమానం ఒకరికి చెప్పుకోలేదు. ఇద్దరికీ ఉన్నదని మాత్రం ఇద్దరికీ తెలుసు.

మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. మాలో తల్లి ఆమె మంచం మీద కూర్చుని అడిగింది. "నిజం చెప్పు తల్లీ. ఎవరైనా నిన్ను ఏమైనా చేశారా? లేక నువ్వే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యనవసరం లేకపోయింది. తండ్రి గుమ్మంలో నిలబడి విన్నాడు. అలా అడగవద్దని అనలేదు. జవాబు కోసం ఎదురుచూశాడు.

పిల్ల ఏడవలేదు. చాలాసేపటికి, "మీరు కూడానా అమ్మా?" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తరువాత చాలా రోజులు అవసరమైన మాట తప్ప మాతో మాట్లాడలేదు.

మర్నాడు ఆశా వర్కరును పిలిపించాము. ఆమె మంచి మనిషి. మూత్ర పరీక్ష చేసి, ఇంట్లోకి వచ్చి తలుపు వేసి, "కడుపు కాదు. మీ బిడ్డకు ఏదో జబ్బుంది. ఇంకా ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారు?" అని కోప్పడింది. ఆ మాట వినగానే మాకు సంతోషం కలిగింది. జబ్బుంది అంటే సంతోషించిన తల్లిదండ్రులం మేము. బిడ్డ ప్రాణం కంటే మా పరువును ఎక్కువ ప్రేమించామని ఆ సంతోషమే మా మీద సాక్ష్యం చెప్పింది. ఇది మేము ప్రభువు ఎదుట ఎన్నోసార్లు ఒప్పుకున్నాము. ఈ రోజు మీ ఎదుట ఒప్పుకుంటున్నాము.

ప్రార్థనా, ఆసుపత్రా?

స్త్రీల సమాజంలో కొందరు మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం, అప్పటివరకు ఆసుపత్రికి వెళ్ళవద్దు, వెళితే విశ్వాసం లేనట్టే అన్నారు. మాకూ అదే సులువుగా తోచింది. ఆసుపత్రికి వెళితే నలుగురికీ తెలుస్తుంది గదా.

పాస్టరు గారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆమె, ఆ రోజు గట్టిగా మాట్లాడారు. "లూకా వైద్యుడు. ప్రభువు అతనిని వైద్యం మానుకోమన్నట్టు మనం ఎక్కడైనా చదివామా? యాయీరు తన కూతురి కోసం జనం మధ్యలో అందరూ చూస్తుండగా ప్రభువు పాదాల మీద పడ్డాడు. సమాజ మందిరపు అధికారి అయి ఉండి పరువు చూసుకోలేదు. మీరు ఆ పని చెయ్యండి. ప్రార్థన మేము చేస్తాం, బస్సులో కూడా చేస్తాం" అన్నారు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు మాతోపాటు ఆమె కూడా పట్నానికి బయలుదేరారు.

స్కానింగు గదిలో డాక్టరు గారు తెర మీద చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మమ్మల్ని పిలిచి చూపించారు. తెర నిండా నల్లగా ఉంది. అది నీరు అన్నారు. కుడి అండాశయం మీద నీటి తిత్తి ఏర్పడి, పెరిగి పెరిగి, పొత్తికడుపు దాటి, బొడ్డు దాటి పైకి వచ్చింది. పొడవు ఇరవై ఆరు సెంటీమీటర్లు, వెడల్పు ఇరవై. అందుకే నాలుగు ముద్దలకు కడుపు నిండేది, కడుపులో చోటు లేదు. అందుకే రాత్రిళ్ళు లేచేది, మూత్రాశయం మీద ఆ బరువు ఉంది. ఆ పిల్ల నెలల తరబడి మాతో చెబుతున్నది నిజమే.

రెండు సలహాలు

మొదట చూసిన డాక్టరు గారు, బొడ్డు పైనుంచి కింది వరకు కోసి, తిత్తిని అండాశయంతో సహా తీసెయ్యాలి అన్నారు. "ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది, భయం లేదు" అన్నారు. ఆయన చెప్పింది తప్పని మేము అనడం లేదు. ఒక అండాశయంతో కూడా పిల్లలు పుడతారు. అలా తియ్యవలసిన జబ్బులూ ఉన్నాయి. అయితే మా బంధువులు, "పొట్ట మీద అంత కోత పడితే రేపు పెళ్ళెలా? ఏం ఆపరేషను అని అడిగితే ఏం చెబుతారు?" అన్నారు. ఒకరైతే, ఇంకో రెండేళ్ళు మందులతో లాగించి, పెళ్ళి చేశాక ఆపరేషను చేయించమన్నారు. ఇలాంటి సలహాలు మన మధ్య ఇంకా ఉన్నాయి. అందుకే వ్రాస్తున్నాము.

అమ్మగారు మమ్మల్ని ఊరికి తిరిగి వెళ్ళనివ్వలేదు. కాగితాలు పట్టుకుని పెద్ద ఆసుపత్రిలో ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆ డాక్టరమ్మ చేసిన మొదటి పని, మమ్మల్ని బయటికి పంపి మా అమ్మాయితో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడడం. బయటికి వచ్చేసరికి పిల్ల ముఖంలో ఏదో మార్పు వచ్చింది. ఏం చెప్పారని తరువాత అడిగితే, "ఇది నీ తప్పు వల్ల వచ్చింది కాదు అన్నారు. ఆ మాట ఆమెకంటే ముందు ఎవ్వరూ చెప్పలేదు" అంది.

ఆమె మాకు ఓపికగా విడమరచి చెప్పారు. మేము అర్థం చేసుకున్నంతవరకు వ్రాస్తున్నాము.

అండాశయాలు గర్భసంచికి రెండు పక్కలా ఉంటాయి. పెద్దమనిషి అయిన పిల్లలకు ప్రతి నెలా వాటిలో చిన్న నీటి బుడగ ఏర్పడి, పగిలి, పోతుంది. అది సహజం. కొన్నిసార్లు ఆ బుడగ పోకుండా కొంచెం పెద్దదవుతుంది. అలాంటివి చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతట అవే కరిగిపోతాయి, ఆపరేషను అక్కరలేదు. మరికొన్ని అలా పోవు, పెరుగుతూనే ఉంటాయి. కొన్నింటిలో నీరు, కొన్నింటిలో జిగురు ఉంటుంది. కొన్నింటిలో కొవ్వు, వెంట్రుకలు, పళ్ళు కూడా ఉంటాయి. అది చూసి చేతబడి అనుకునేవాళ్ళున్నారు. అది చేతబడి కాదు, డెర్మాయిడ్ అనే ఒక రకం గడ్డ. ఈ వయసు పిల్లల్లో వచ్చేవి ఎక్కువ భాగం కాన్సరు కానివే. అయినా కాన్సరు కాదని తేల్చుకోకుండా చెయ్యి పెట్టకూడదు. అందుకని రక్త పరీక్షలు, ఎమ్.ఆర్.ఐ. స్కానింగు చేయించారు.

ఆలస్యం చేస్తే ఏమవుతుందని అడిగాము. "బరువున్న కాయ తొడిమ మీద మెలి తిరిగినట్టు, తిత్తి బరువుకు అండాశయం మెలి తిరగవచ్చు. తిరిగితే రక్తం అందదు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తాయి. అప్పుడు గంటలు కూడా విలువైనవే. ఆలస్యమైతే అండాశయం చచ్చిపోతుంది" అన్నారు. నాలుగు నెలలు మేము ఏ అంచు మీద నడిచామో అప్పుడు తెలిసింది.

తరువాత ఆపరేషను సంగతి చెప్పారు. పొట్ట అంతా కొయ్యకుండా చిన్న రంధ్రాల ద్వారా చెయ్యవచ్చునన్నారు. లాప్రోస్కోపీ అంటారు. బొడ్డు దగ్గర చిన్న కోత పెట్టి, సన్నని గొట్టంతో కెమెరా లోపలికి పంపి, టి.వి. తెర మీద చూస్తూ చేస్తారు. చిన్న గడ్డలకు ఇది ఎప్పటినుంచో ఉంది. ఇంత పెద్ద తిత్తి ఉంటే లోపల కెమెరా తిరగడానికి చోటుండదు. పగిలితే లోపలున్నది కడుపంతా పడుతుంది. అందుకని మొదట బొడ్డు దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కోతలోనుంచి తిత్తి పైభాగాన్ని పట్టుకుని, దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు అంటించి, ఒక్క చుక్క కూడా కడుపులో పడకుండా నీటిని గొట్టంతో బయటికి లాగేస్తారు. గాలి తీసిన బుడగలా అది ముడుచుకున్నాక, అదే రంధ్రంలోనుంచి బయటికి తెచ్చి, బత్తాయి తొన మీది పొర వలిచినట్టు తిత్తి పొరను అండాశయం నుంచి వలిచి, అండాశయాన్ని కుట్టి, మళ్ళీ లోపల పెట్టేస్తారు.

"కాన్సరు అనుమానం ఉంటే ఇలా చెయ్యను. అప్పుడు పెద్ద కోతే మంచిది. మీ అమ్మాయి పరీక్షలన్నీ బాగున్నాయి. అయినా లోపల చూశాక అవసరమనిపిస్తే పెద్ద కోత పెట్టవలసి రావచ్చు. అందుకు కూడా మీరు సిద్ధపడి సంతకం చెయ్యాలి" అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మాకు ధైర్యమిచ్చింది.

ఆపరేషను

జూన్ నెలలో ఒక గురువారం ఉదయం పిల్లను థియేటరులోకి తీసుకువెళ్ళారు. స్ట్రెచరు కదిలేముందు తండ్రి ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యబోయాడు. గొంతు పెగలలేదు. అమ్మగారు ప్రార్థించారు.

రెండున్నర గంటలు బయట బెంచీ మీద కూర్చున్నాము. ఆ రెండున్నర గంటల్లో మా ఇద్దరికీ గుర్తుకొచ్చింది ఒక్కటే, కరెంటు పోయిన ఆ రాత్రి. పిల్లకు ఏమైనా అయితే ఆమె మాతో మనసు విప్పి మాట్లాడిన చివరి మాట "మీరు కూడానా అమ్మా" అన్నదే అవుతుంది.

డాక్టరమ్మ నవ్వుతూ బయటికి వచ్చారు. పెద్ద కోత అవసరం పడలేదు. దాదాపు నాలుగు లీటర్ల నీరు తీశారు. అండాశయం నిలిచింది. రెండో అండాశయం కూడా కెమెరాతో చూశారు, బాగుంది. ట్రేలో పెట్టి ఆ తిత్తిని చూపించారు. తడిసిన ప్లాస్టిక్ సంచిలా ఉంది. మా ఇంటి సమాధానాన్ని నాలుగు నెలలు మింగినది ఇదా అనిపించింది.

ఆ సాయంత్రం పిల్ల కుడి భుజం నొప్పి అని ఏడిచింది. పొట్టకు ఆపరేషను చేస్తే భుజం నొప్పేమిటని హడలిపోయాము. కెమెరాతో చూడడానికి కడుపులోకి గ్యాసు నింపుతారు, అందులో కొంచెం మిగిలి పైకి చేరి డయాఫ్రం పొరను తాకితే భుజంలో నొప్పి తెలుస్తుంది, రెండు రోజుల్లో పోతుంది అని నర్సమ్మ చెప్పింది. అలాగే పోయింది. మర్నాడే లేచి నడిచింది. మూడో రోజు ఇంటికి పంపించారు. ముక్కను పరీక్షకు పంపితే పది రోజులకు ఫలితం వచ్చింది. కాన్సరు కాదు. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం పొలం గట్టు మీదే మోకరించాము.

క్షమాపణ

శరీరానికి పడిన కుట్లు రెండు వారాల్లో మానాయి. మేము వేసిన గాయం అంత త్వరగా మానలేదు.

ఇంటికి వచ్చిన రాత్రి ఇద్దరం ఆమె మంచం దగ్గర కూర్చుని, "మేము తప్పు చేశాం తల్లీ, మమ్మల్ని క్షమించు" అన్నాము. "పర్లేదు" అంది. ఆ పర్లేదులో క్షమాపణ లేదని మాకు తెలిసింది. పెద్దవాళ్ళం అడిగాం కదా, ఇంకేం కావాలి అని తొందరపెట్టలేదు. నమ్మకం ఒకసారి విరిగాక అది అతకడానికి ఎంత కాలం పట్టాలో చెప్పే హక్కు విరగ్గొట్టినవాళ్ళకు ఉండదు.

ఆగస్టులో కృతజ్ఞత కూటం పెట్టుకోవాలనుకున్నాము. తండ్రి ఏం సాక్ష్యం చెప్పాలో ఇంట్లో చెప్పి చూసుకుంటున్నాడు. "మా అమ్మాయికి కడుపులో జబ్బు చేసింది, ప్రభువు స్వస్థపరిచాడు." వింటున్న పిల్ల అడ్డుపడింది. "కడుపులో జబ్బు అంటే ఎవరికి అర్థమవుతుంది నాన్నా? వాళ్ళు అనుకున్నదే అనుకుంటారు. ఏం జబ్బో పేరు పెట్టి చెప్పండి. మీరు కూడా అనుమానించారని చెప్పండి. అప్పుడే నేను ముందు వరుసలో కూర్చుంటాను" అంది.

ఆ ఆదివారం సాయంత్రం తండ్రి సంఘం ఎదుట నిలబడ్డాడు. మా మందిరంలో అంతవరకు ఎన్నడూ వినబడని "అండాశయం" అన్న మాట పలికాడు. నీటి తిత్తి అన్నాడు, నాలుగు లీటర్లు అన్నాడు. తరువాత, "ఊరంతా ఒక మాట అనుకుంది. ఊరిని తప్పుపట్టను. ఆ మాటను నా ఇంట్లోకి తెచ్చినవాడిని నేనే. నా బిడ్డ నిర్దోషి. నేను దోషిని" అని, కూర్చోలేక అక్కడే నిలబడిపోయాడు. ఎవ్వరూ మాట్లాడలేదు. చాలామంది తలలు వంచుకున్నారు. పాట ఎత్తవలసినవాళ్ళకు గొంతు రాలేదు. అప్పుడు ముందు వరుసలోనుంచి మా అమ్మాయి పాట ఎత్తింది.

రెండు రోజులకు, మందిరం గుమ్మం దగ్గర నవ్విన ఆ పెద్దావిడ కోడిగుడ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఏమీ అనలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వెళ్ళింది. ఆ రాత్రి మా అమ్మాయి వచ్చి మా మధ్యలో పడుకుంది, చిన్నప్పటిలాగా.

కెంటకీలో ఒక క్రిస్మస్

ఇప్పుడు మా అమ్మాయి నర్సింగు చదువుతోంది. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పింది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే ఒక గృహిణి ఉండేది. 1809లో ఆమె పొట్ట బాగా పెరిగింది. చూసిన వైద్యులు నెలలు నిండి దాటిన గర్భం అనుకున్నారు. ఎఫ్రాయిము మెక్‌డవల్ అనే వైద్యుడు వచ్చి చూసి, ఇది గర్భం కాదు, అండాశయపు గడ్డ అని గుర్తించాడు. అంతవరకు అలాంటి గడ్డను పొట్ట కోసి తీసి బ్రతికించిన వైద్యుడు లేడని, ఆమె తన ఊరికి వస్తే ప్రయత్నిస్తానని దాచకుండా చెప్పాడు. ఆమె చలికాలంలో గుర్రం మీద అరవై మైళ్ళు ప్రయాణం చేసి డాన్విల్ అనే ఆ ఊరికి వెళ్ళింది. క్రిస్మస్ రోజున ఆపరేషను జరిగింది. అప్పటికి మత్తు మందు లేదు. ఈథరు మత్తుతో ఆపరేషను చెయ్యవచ్చునని లోకానికి చూపించింది 1846లో. ఆమె దావీదు కీర్తనలు వల్లిస్తూ ఆ నొప్పి భరించిందని చెబుతారు. ఇరవై అయిదు నిమిషాల్లో దాదాపు పది కిలోల గడ్డ తీశారు. అయిదో రోజున ఆమె తన పక్క తానే సర్దుకుంటూ కనబడిందట. నెల తిరగకముందే ఇంటికి వెళ్ళి, ఆ తరువాత ముప్పయి రెండేళ్ళు బ్రతికింది.

"చూడమ్మా, ఆమెకు కూడా కడుపే అనుకున్నారు" అంది మా అమ్మాయి. ఇప్పుడు ఆ మాట నవ్వుతూ అనగలుగుతోంది.

ఈ చిన్న రంధ్రాల పద్ధతి కూడా ఒక్క రోజులో రాలేదు. 1910లో స్వీడన్‌లో జాకోబియస్ అనే వైద్యుడు మనుషుల కడుపులోకి గొట్టం పంపి చూడడం మొదలుపెట్టాడు. 1980లో జర్మనీలో కుర్ట్ సెమ్ అనే స్త్రీల వైద్యుడు ఈ పద్ధతిలో అపెండిక్స్ తీస్తే, తోటి వైద్యులే ఆయనను తప్పుపట్టారు. ఈ రోజు అదే పద్ధతి మన పిల్లల దాకా వచ్చింది. మన గుంటూరుకు 1883లో లూథరన్ మిషను తరఫున డాక్టరు అన్నా కుగ్లర్ గారు వచ్చారు. ఆ రోజుల్లో మన ఆడవాళ్ళు మగ వైద్యునికి ఒళ్ళు చూపించలేక ప్రాణాలు పోగొట్టుకునేవారు. ఆమె 1930లో కన్నుమూసేవరకు ఈ నేల మీదే సేవ చేశారు. అంత దూరం నుంచి ఒక స్త్రీ మన ఆడబిడ్డల కోసం వస్తే, పక్క పట్నానికి మన బిడ్డను తీసుకువెళ్ళడానికి మనకు సిగ్గెందుకు?

తల్లిదండ్రులకు మా మనవి

ఆడపిల్లకు ఒళ్ళు చెయ్యకుండా పొట్ట ఒక్కటే పెరుగుతుంటే, కొంచెం తినగానే నిండిపోతోందంటే, మాటిమాటికి మూత్రానికి వెళుతుంటే, పొత్తికడుపులోనో నడుములోనో బరువుగా ఉందంటే స్కానింగు చేయించండి. ఈ స్కానింగుకు సూదీ లేదు, కోతా లేదు, నొప్పీ లేదు. పొట్ట మీదనుంచే చూస్తారు. నెలసరి సరిగ్గా వస్తోంది కదా అని ఊరుకోవద్దు, మా పిల్లకూ సరిగ్గానే వచ్చింది.

ఉన్నట్టుండి ఒక పక్క తీవ్రమైన నొప్పి, దానితో వాంతులు వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే బయలుదేరండి.

డాక్టరు గారిని మూడు మాటలు అడగండి. ఇది కాన్సరు కాదని ఎలా తెలుసుకున్నారు? అండాశయాన్ని నిలపడం వీలవుతుందా? చిన్న రంధ్రాలతో చెయ్యడం మా పిల్లకు క్షేమమేనా? అడిగితే కోప్పడతారని భయపడవద్దు. పెద్ద కోతే అవసరమంటే దానికీ ఒప్పుకోండి. మచ్చ కంటే బిడ్డ గొప్పది. ఖర్చు విషయంలో ప్రభుత్వ ఆరోగ్య పథకం ఏదైనా వర్తిస్తుందేమో ముందుగానే ఆసుపత్రిలో అడగండి.

బాగయింది కదా అని మానెయ్యవద్దు. ఇవి మళ్ళీ రావచ్చు. మేము డాక్టరమ్మ చెప్పిన ప్రకారం స్కానింగులు చేయించాము. 2020లో లాక్‌డౌన్ వల్ల ఒకటి ఆలస్యమైంది, తరువాత చేయించాము. ప్రభువు కృపవలన అన్నీ బాగున్నాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. బిడ్డను ఏదైనా అడగవలసి వస్తే, దోషిని అడిగినట్టు అడగవద్దు. "నీకేమైనా నేను నీతోనే ఉంటాను" అని ముందు చెప్పి, ఆ తరువాత అడగండి. ఒకవేళ మనం భయపడినదే నిజమైనా సరే, అప్పుడు కూడా ఆ బిడ్డకు కావలసింది మూసిన తలుపు కాదు.

తలుపు మూసుకున్న ఆ ఇంటికి ఈ మాసపత్రిక చేరుతుందని మాకు తెలుసు. అన్నా, వదినా, మీరెవరో మేము ఎవ్వరికీ చెప్పము. వచ్చే సోమవారం పొద్దున మొదటి బస్సుకు పాపను తీసుకుని బయలుదేరండి. ఒంటరిగా వెళ్ళలేమనుకుంటే మన పాస్టరు గారితో ఒక్క మాట చెప్పండి. మేమిద్దరం, మాతోపాటు మా అమ్మాయి, బస్టాండులో మీకోసం నిలబడి ఉంటాము.

మీ ప్రార్థనలలో మమ్మల్ని, ఆ బిడ్డను జ్ఞాపకం చేసుకొనండి. ప్రభువు నామమునకే మహిమ కలుగును గాక. ఆమేన్.